మిట్టమధ్యాహ్నం కప్పిన కల్లం

“ఎర్రటి ఎండలో కల్లం మీద పట్టా కప్పావేంటి బాబాయ్?”

పేరయ్య నా వైపు తిరిగాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. తలకు చుట్టిన తువ్వాలు విప్పి మెడ తుడుచుకున్నాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

“మగ్గబెడుతున్నానమ్మాయ్. కొత్త కోత. రెండ్రోజులు కప్పెడితే రంగు తిరుగుద్ది.”

మంచి జవాబే. కోసిన మిరపకాయని రెండు మూడు రోజులు కుప్పపోసి కప్పి ఉంచితే పచ్చి చారలు పోయి ఎరుపు సమంగా వస్తుంది. ఆ తర్వాతే కల్లంలో పల్చగా ఆరబోస్తారు. ఇక పగలంతా ఎండనివ్వడం, పొద్దుగుంకే వేళకి మంచు పడకుండా పట్టా కప్పడం, తెల్లారి మళ్ళీ తీయడం. అబద్ధం ఆడదలచుకున్న మిరప రైతుకి మగ్గబెట్టడాన్ని మించిన అబద్ధం దొరకదు.

చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఎండుతున్నాయి. పేరయ్య కల్లం కూడా ముప్పాతిక వంతు అంతే. చివర మాత్రం, పత్తిచేను గట్టుకి ఆనుకుని, నడుమెత్తు కుప్ప ఒకటుంది. దాని మీద నీలం టార్పాలిన్ పట్టా, అంచులకి బరువుగా మట్టిపెళ్ళలు.

“చెయ్యి పెట్టి చూడొచ్చా?”

“పట్టా లేపొద్దు. కాయకి చెమ్మ తగులుద్ది,” అన్నాడు గభాలున.

“ఈ ఎండలో చెమ్మ ఎక్కడిది బాబాయ్?”

ముసలాయన తల దించుకున్నాడు. వేపచెట్టు నీడన బాక్సులు విప్పుకుని అన్నం తింటున్న కూలి ఆడవాళ్ళ కేసి చూశాను. అందరూ ఒక్కసారిగా బాక్సుల్లోకి చూపులు దించారు. వాళ్ళ ముఠాకి పెద్ద రసూల్‌బీ మాత్రం నన్ను నిదానంగా చూసి, “ఆయన కుప్ప ఆయనిష్టం. మనకేంటమ్మా,” అంది.

ఇన్ని నోళ్ళు ఒక్కసారే మూతపడితే ఆ కుప్పలో కాయలే ఉన్నాయని నేనెలా నమ్మను?

నేను బిందుమాధవిని. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, పళ్ళ డాక్టరు గారి పక్క గది నాది. డిటెక్టివ్ అని రాస్తే జనం జడుసుకుంటారని బోర్డు మీద ‘పరిశోధనలు’ అని రాయించాను. అంతకుముందు పన్నెండేళ్ళు పంటల బీమా కంపెనీకి నష్టాలు అంచనా వేసేదాన్ని. ఎండిన చేను మునిగిందన్నవాళ్ళని, పక్కవాడి పురుగుని తనదిగా చూపించినవాళ్ళని ఎంతమందిని చూశానో. రైతు అబద్ధం ఆడితే నాకు వాసన వస్తుంది. ఆ గర్వం నాకుంది. ఉన్నదాన్ని దాచుకోవడం నాకు చేతకాదు.

నిన్న సాయంత్రం త్యాగరాజు గారు నా గది మెట్లెక్కి వచ్చారు. నల్లపాడులో ఉంటారు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన కూతురు ఆశ్రిత ప్రకాశం జిల్లాలో ఈ నాగులేటిపాడు బీడులో పక్షుల మీద పనిచేస్తోంది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆమె ఫోన్ ఆగిపోయింది. ఆమె లేదు, ఆమె తెల్ల స్కూటీ లేదు. స్టేషన్‌కి వెళితే, “ఎవరితోనైనా వెళ్ళిందేమో, రెండ్రోజులు చూద్దాం మాస్టారూ,” అని పంపించేశారట.

“ఎవరితోనో వెళ్ళిపోయినా నాకు కోపం లేదమ్మా. క్షేమంగా ఉందని తెలిస్తే చాలు,” అన్నారాయన. కూతురి ఫోటో బల్ల మీద పెట్టి నా వైపు తోశారు. రేపు చీకటిపడేలోపు మీ అమ్మాయిని తీసుకొచ్చి మీ ముందు నిలబెడతానని అనేశాను. అనకూడని మాట. ఈ వృత్తిలో ఎవరూ అలా మాటివ్వరు.

ఈ బీడు సంగతి చెప్పాలి. ఊరికి తూర్పున మూడు వందల ఎకరాల గడ్డి. చలికాలంలో ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో పిల్లిగద్దలు వచ్చి దిగుతాయి. పొడుగు తోక, సన్నటి రెక్కలు. చెట్టెక్కవు. సాయంత్రం కాగానే గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. పగలు పత్తిచేలల్లో, మిరపచేలల్లో మిడతల్నీ ఎలుకల్నీ తిని పెడతాయి. ఆ బీడుని దున్నకుండా వదిలినందుకు ఊళ్ళో రైతులకి కెనడా ప్రభుత్వపు పరిరక్షణ నిధి నుంచి ఏటా కొంత వస్తోంది. మధ్యలో పంచిపెట్టేది హైదరాబాదులోని ‘పచ్చిక’ అనే ట్రస్టు. పేరయ్యకి ఆ బీడులో పన్నెండెకరాలు ఉన్నాయి.

ఈ పొద్దున ఆ బీడు గట్టు మీదే రామకాంత్ నాకు తగిలాడు.

*

రామకాంత్ పచ్చిక ట్రస్టుకి భద్రతాధికారి. పోలీసు ఉద్యోగం మధ్యలో మానేసి వచ్చినవాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, నల్ల కళ్ళద్దాలు, రెండు చేతుల మధ్య మంచునీళ్ళ సీసా. మాట్లాడుతున్నంతసేపూ ఆ సీసాని అరచేతుల్లో దొర్లిస్తున్నాడే గాని మూత తీయలేదు.

“నీళ్ళు తాగడానికండీ,” అన్నాను.

“మీ ఎండలు మాకు అలవాటు లేవు మేడమ్. పొద్దున్నే హైదరాబాదు నుంచి దిగాను. ఈ పొలాల్లో కాలు పెట్టడం ఇదే మొదలు.” నన్ను పైనుంచి కిందకి చూశాడు. “ఇది ట్రస్టు వ్యవహారం. మీరు గుంటూరు బస్సెక్కొచ్చు.”

“తప్పిపోయింది ట్రస్టు కూతురు కాదు, త్యాగరాజు గారి కూతురు. నేను ఆయన మనిషిని.”

“తప్పిపోలేదు. పారిపోయింది. కారణం కెనడాలో ఉంది.”

“అదేదో చెప్పండి.”

“2030 కల్లా తమ నేలలో, నీళ్ళలో ముప్పై శాతం కాపాడతామని వాళ్ళు ప్రపంచానికి మాటిచ్చారు. ఆ ఊపులో బయటి దేశాలకీ డబ్బిచ్చారు. ఇప్పుడు గాలి మారింది. పోయిన నవంబరు బడ్జెట్‌లో ఖర్చులు కోసేశారు. రెండొందల కోట్ల చెట్లు నాటుతామన్న సొంత పథకాన్నే మధ్యలో ఆపేసినవాళ్ళు, ప్రకాశం జిల్లా గద్దల కోసం కన్నీళ్ళు పెడతారా? రేపు పొద్దున పదింటికి వాళ్ళ మనుషులు ఇద్దరు వస్తున్నారు. బీడులో పిట్టలుంటే ఇంకో మూడేళ్ళు సాయం. లేకపోతే ఇక్కడితో సరి. చూడండి, ఒక్క పిట్టయినా ఉందా? ఆ అమ్మాయికి మొహం చెల్లలేదు, వెళ్ళిపోయింది.”

నిజమే, బీడు మీద ఒక్క గద్ద తిరగడం లేదు. కానీ ఇది ఫిబ్రవరి. మార్చి దాకా అవి కదలవని ఆశ్రిత తండ్రికి కూడా తెలుసు, నిన్న ఆయనే చెప్పారు. గడ్డిలోకి దిగి వంగి వంగి నడిచాను. కాసేపటికి ఒక మాంసం ముక్క కనబడింది. కోడి పేగు. దాని చుట్టూ చీమలు గుంపుగా చచ్చిపడి ఉన్నాయి. తినడానికి వచ్చిన చీమ తిన్నచోటే చచ్చిందంటే అది విషం కాక మరేమిటి?

దాన్ని కవర్లో చుట్టి సంచిలో వేసుకుంటుంటే రామకాంత్ గట్టు మీద నుంచి నవ్వాడు. “కుక్కలు తెచ్చిపడేసిన పేగులు కూడా పోగేస్తారా మీ పరిశోధనల్లో?”

“కుక్క పురుగుమందు కలిపి పడెయ్యదండీ. పిట్టలు పోలేదు. ఎవరో చంపారు. ఆశ్రిత అది చూసింది.”

నవ్వు ఆగిపోయింది. సీసా దొర్లించడం కూడా ఆగింది. తర్వాత గొంతు తగ్గించి, నన్ను మెచ్చుకుంటున్నట్టు అన్నాడు.

“అలాగైతే పిట్టలు లేకపోతే ఎవరికి లాభమో చూడండి. ఒప్పందం పోతే భూములు మళ్ళీ రైతుల చేతికొస్తాయి. సోలార్ కంపెనీ వాళ్ళు లీజు కోసం ఊరు చుట్టూ తిరుగుతున్నారు. బీడులో అందరికన్నా ఎక్కువ భూమి పేరయ్యది. రైతు మనసు మీకు నేను నేర్పాలా?”

నేర్పక్కర్లేదు. నాకన్నీ తెలుసు కదా. నేరుగా పేరయ్య కల్లానికి నడిచాను.

*

దారిలో పేరయ్య భార్య సుబ్బరావమ్మ ఎదురైంది. చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. కల్లం ఉత్తరాన ఉంటే ఆవిడ దక్షిణానికి పోతోంది. ఎక్కడికని అడిగితే, “కూలోళ్ళకమ్మా,” అని ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ దారిలో నాకు కనబడింది పాడుబడ్డ పొగాకు బ్యారన్ ఒక్కటే. పొగాకు కాల్చడానికి కట్టిన ఎత్తైన ఇటుక గది. దాని చుట్టూ పత్తికట్టె మోపులు. మనిషి జాడ లేదు.

కల్లంలోకి వచ్చి చూస్తే కూలోళ్ళు ఇక్కడున్నారు, ఎవరి బాక్సు వాళ్ళు తింటున్నారు. పట్టా గురించి అడిగి ఆ మగ్గబెట్టే జవాబు విన్నాక, అసలు సంగతికి వచ్చాను.

“నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు బాబాయ్?”

“ఈడనే.”

“ఆశ్రిత వచ్చిందా?”

“ఏ ఆశ్రిత?”

“రెండేళ్ళ నుంచి మీ బీడులో తిరిగే అమ్మాయి ఎవరో నీకు తెలియదా?”

“పిట్టలమ్మాయా? ఏమో, చూళ్ళా.” ఆ ‘పిట్టలమ్మాయి’ అన్న మాట ఆయన నోట్లో ఎంత మెత్తగా పలికిందో! అప్పుడే నేను ఆగి ఆలోచించాల్సింది.

“బీడు మీద సోలార్ వాళ్ళు నీకెంతిస్తామన్నారు?”

ముసలాయనకి కోపమొచ్చింది. “ఎంతిత్తే ఏం? ఆ గద్దలుండబట్టి పోయినేడు మందు రెండుసార్లు తక్కువ కొట్టా. ఏడనో కెనడాలో ఎవురో సంతకం పెట్టకపోతే మా ఊరి పిట్టకి చోటుండదంట. ఇదెక్కడి న్యాయమమ్మాయ్?”

అదీ నటనే అనుకున్నాను.

ఇంతలో జీపు వచ్చి ఆగింది. రామకాంత్ దిగాడు. అదే కళ్ళద్దాలు, చేతిలో కొత్త సీసా. “మేడమూ నేనూ కలిసే వెతుకుతున్నాం,” అని అందరికీ వినబడేలా చెప్పాడు. పేరయ్య చప్పున నేలచూపులు చూశాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా అతని వైపు తలెత్తలేదు. తేలు కుట్టిన దొంగ ఇలాగే ఉంటాడు కదా అనుకున్నాను.

“ఏమైనా దొరికిందా? లేకపోతే నా పని నన్ను చేసుకోనివ్వండి,” అన్నాడు రామకాంత్. “మూడింటికి స్టేషన్లో చెప్పి ఈ వ్యవహారం మూయించేస్తాను. అమ్మాయి స్కూటీ మీద హైవే ఎక్కి వెళ్ళిపోయిందని ఊళ్ళో వాళ్ళే అంటున్నారు.”

“ఎవరన్నారు?”

“ఈ పెద్దాయనే.”

“అయితే ఇప్పుడే తేలుస్తాను. నిలబడండి.”

కుప్ప దగ్గరికి వెళ్ళి పట్టా అంచు లేపి, గుప్పెడు కాయలు తీశాను. పేరయ్య చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు. ఒక కాయని చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల గింజలు గలగలమన్నాయి. ఇంకొకటి తీసి ఊపాను. అదీ మోగింది.

“వినబడిందా బాబాయ్? గింజ మోగుతోంది. మగ్గబెట్టేది పచ్చి చెమ్మ ఉన్న కాయని. గలగలలాడే కాయని మగ్గబెడతారా ఎవరైనా?”

“తల్లీ,” అన్నాడు పేరయ్య. గొంతు మారిపోయింది. “మనం తర్వాత మాట్లాడుకుందాం. ఇంటికిరా. మజ్జిగ తాగుదువు.”

“ఎండిన కాయని కుప్పపోసి, మిట్టమధ్యాహ్నం కప్పిపెట్టే రైతు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టలేదు. లోపల దాచాల్సిందేదో ఉంటే తప్ప.”

“మాట్లాడబాక తల్లీ, నీకు దణ్ణం పెడతా.”

చేతులు జోడించాడు. నాకు వేడెక్కిపోయింది. ఆ మాటలో ఉన్నది నేరం కాదు, బతిమాలడం. వినగల చెవి ఉండాలి కదా! త్యాగరాజు గారు నా వైపు తోసిన ఫోటోనే నా కళ్ళ ముందు ఉంది. పట్టా మీది మట్టిపెళ్ళలు కాలితో తన్ని, రెండు చేతులా లాగేశాను.

“చెయ్యి వెయ్యండి,” అన్నాను రామకాంత్‌తో.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. పట్నం బాబు కాయల ఘాటుకి భయపడ్డాడని నవ్వుకుని నేనే తవ్వాను. మోచేతుల దాకా కాయలు. ఘాటుకి దగ్గు, ముక్కునుంచి నీళ్ళు. కూలి ఆడవాళ్ళు ఒక్కరూ లేచి రాలేదు. కాసేపటికి వేళ్ళకి చల్లటి ఇనుము తగిలింది. ముందు చక్రం, ఆ తర్వాత తెల్లటి హ్యాండిల్.

ఆశ్రిత స్కూటీ. పక్కకి పడుకోబెట్టి ఉంది. తాళంచెవి దానికే ఉంది.

సీటు ఎత్తాను. పెట్టెలో చున్నీలో చుట్టిన పిల్లిగద్ద ఒకటి. బిగుసుకుపోయిన కాళ్ళు, సగం మూసుకున్న పసుపు కన్ను. దాని పక్కనే కోడి పేగుల మూట.

“చూశారా?” అన్నాను రామకాంత్ వైపు తిరిగి. గెలిచిన కోడిపుంజులా ఉన్నాన్నేను. “అమ్మాయి ఏ హైవే ఎక్కలేదు. ఇక్కడికే వచ్చింది, ఇక్కడే ఆగిపోయింది. ఈయనే దాచాడు. ఎక్కడ దాచాడో కూడా చెప్పనా? కూలోళ్ళంతా ఇక్కడే తింటుంటే ఈయన భార్య నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని దక్షిణానికి వెళ్ళింది. అటు పాడుబడ్డ బ్యారన్ తప్ప ఇంకేం లేదు.”

“అయ్యో!” అన్న కేక వేపచెట్టు కింది నుంచి వచ్చింది. రసూల్‌బీ లేచి నిలబడింది. పేరయ్య మాత్రం కల్లంలో ఆ కాయల మీదే కూలబడ్డాడు.

రామకాంత్ దక్షిణం వైపు ఒకసారి చూశాడు. కళ్ళద్దాల వెనక ఏం జరుగుతుందో నాకు కనబడలేదు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు, “ఒప్పుకున్నాను మేడమ్. మీ అంతవాళ్ళు లేరు. ఆ పిట్టనీ మూటనీ ఇలా ఇవ్వండి, ల్యాబుకి పంపాలి. ఇక్కడ సిగ్నల్ లేదు. రోడ్డెక్కి పోలీసులకి ఫోన్ చేస్తాను. ఈ ముసలాణ్ణి కదలనివ్వకండి.”

ఇచ్చేశాను. నా చేతులతో నేనే ఇచ్చేశాను.

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

*

“ఇప్పుడు చెప్పు. అమ్మాయి బతికే ఉందా?”

పేరయ్య తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళు. ఘాటుకి వచ్చినవి కావు.

“ఇందాకటి దాకా ఉంది. ఇప్పుడేం జరుగుద్దో ఆ పైవాడికే తెలియాల.”

రసూల్‌బీ వచ్చి నా ఎదుట నిలబడింది. “ఊరంతా చూసి కళ్ళు మూసుకుంటే, నీ ఒక్కదాని కళ్ళే తెరుచుకోవాల్నా? నిన్నటి నుంచి ఈ దారిన పోయిన ప్రతివోడూ ఆ పట్టాని చూశాడు. ఒక్కడన్నా అడిగాడా?”

“ఏం జరిగింది?” అన్నాను.

పేరయ్య చెప్పాడు. “నిన్న మద్దేనం ఆ అమ్మాయి స్కూటీ మీద పడతా లేస్తా వచ్చింది. ఎనకే జీపు. వాడే, ఇప్పుడు నీతో మాట్లాడిపోయినోడు. బీడులో మందు పెట్టిన పేగులు చల్లతా దొరికాడంట ఆ పిల్లకి. చచ్చిన పిట్టలు పదుల్లో ఉన్నయ్యంట. మిగతాయి బెదిరి పోయినయ్. రేపు దొరలొచ్చేసరికి బీడు బోసిగా ఉండాల, ఒప్పందం ఊడిపోవాల, భూమి లీజుకి పోవాల. సోలారోళ్ళ కాడ వాడికి ముట్టేది వాడికి ముట్టుద్ది.”

“పొద్దున్నే హైదరాబాదు నుంచి దిగానన్నాడు!”

“ఎవురు? వాడా? నాలుగు రోజుల నుంచి ఈడనే తిరుగుతున్నాడు. ఈ కల్లంలో అమ్మాయి జుట్టు పట్టుకున్నాడు. ఫోను లాక్కుని బండకేసి కొట్టాడు. ఆ పిల్ల కుప్ప అడుగునున్న గింజా పొడీ దోసిలికెత్తి మొహాన కొట్టింది. కళ్ళు మూసుకుపోయి, ఆ కోపంలో కాయల్లో పడి రెండు చేతులా దేవులాడాడు. ఆడోళ్ళు అరిస్తే కాలవకాడికి పరిగెత్తాడు. ఆ సందులో పిల్లని పత్తిచేలోకి తోసి, స్కూటీని ఈడ కప్పెట్టా. మళ్ళొచ్చి అడిగితే, స్కూటీ మీద పారిపోయిందని చెప్పా. నమ్మాడు. అందుకే గదా రోడ్లన్నీ గాలిస్తన్నాడు.”

నేను నా చేతుల కేసి చూసుకున్నాను. అరచేతులు అప్పటికే భగ్గుమంటున్నాయి. పక్కనున్న నీళ్ళ బిందె వైపు వంగబోతే రసూల్‌బీ చెయ్యి పట్టుకుని ఆపింది. సీసాలోంచి ఆముదం తీసి నా చేతులకి పూసింది, కోపంగానే.

“నీళ్ళు పెట్టబాక. నీళ్ళు పెడితే మంట ఇంకా ఎక్కువవుద్ది. ఆ సంగతి తెలవకే ఆ సచ్చినోడు నిన్నటి నుంచి సీసాలు పట్టుకుని తిరుగుతున్నాడు.”

మంచునీళ్ళ సీసా. మూత తీయని సీసా. పొడి పడ్డ కళ్ళు కనబడకుండా ఒక్కసారీ తీయని నల్ల కళ్ళద్దాలు. కాయల్లో చెయ్యి వెయ్యమంటే వెనక్కి వేసిన అడుగులు. పొద్దుటి నుంచీ అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. రైతు అబద్ధం మీద పెట్టిన బుద్ధి నేను వాడి చేతుల మీద పెట్టలేదు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

“పోలీసులకి చెప్పొచ్చు కదా బాబాయ్? కనీసం వాళ్ళ నాన్నకి?”

“వాడు పోలీసోళ్ళతోనే గదా కలిసి తిరిగేది. రేపు పదింటికి ఆ కెనడావోళ్ళ ముందుకే పోయి పిట్టని చూపిస్తా, అందాకా ఎవురికీ చెప్పబాకు పెదనాయనా అంది. నాన్నకి చెబితే వాళ్ళింటికి పోతారు, ఆయన్ని ఏమన్నా చేత్తారని భయం. ఇంట్లో పెడదామంటే, నా మాట నమ్మేలోపే మా ఇల్లు రెండుసార్లు గాలించాడు. అందుకే బ్యారన్.”

“మరి కల్లం? ఎండిన కాయని మిట్టమధ్యాహ్నం కప్పితే తెలిసిపోతుందని నీకు అనిపించలేదా?”

“తెలవకేం? ఇంకో దారి లేకపోయె. పట్నపోడికి ఏం తెలుసులే అనుకున్నా. ఈ నేల మీద పుట్టినోళ్ళు చూసినా పెదవి విప్పర్లే అనుకున్నా.” ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “గుంటూరు మనిషి వాడితో కలిసొచ్చుద్దని అనుకోలా తల్లీ.”

స్కూటీని నేనూ రసూల్‌బీ కలిసి కాయల్లోంచి లేపాం. తాళంచెవి తిప్పాను. దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాను.

“బ్యారన్‌కి అడ్డదారి ఉందా?”

“పత్తిచేలోనుంచి. నేనూ వత్తా. మా ఆడదీ ఆడనే ఉంది.” పేరయ్య నా భుజం పట్టుకుని లేచాడు.

నా ఫోన్ మోగింది. ఒక్క గీత సిగ్నల్ మీద త్యాగరాజు గారి పేరు వెలుగుతోంది. ఎత్తలేకపోయాను. సిగ్నల్ లేదని రామకాంత్ చెప్పింది కూడా అబద్ధమేనని అప్పుడు తట్టింది.

స్కూటీ మూడోసారికి అందుకుంది. పేరయ్య ఎక్కి వెనక కూర్చున్నాడు. రసూల్‌బీ, మిగతా ఆడవాళ్ళు అప్పటికే కొంగులు బిగించి చేలోకి పరిగెడుతున్నారు. బండి తిప్పి దక్షిణానికి చూశాను. పత్తిచేల అవతల, పల్చగా ఒక పొగ లేస్తోంది. ఫిబ్రవరి నెలలో ప్రకాశం జిల్లాలో ఎటు తిరిగినా పొగాకు బ్యారన్ల పొగే. దాన్ని చూసి ఎవరూ ఆగరు, ఎవరూ పరిగెత్తరు. నేను కూడా చూసి చూపు తిప్పేసుకునేదాన్నే.

పేరయ్య వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి.

“అమ్మాయ్,” అన్నాడు. “అది మా బ్యారనే. ఆరేళ్ళ నుంచి దాంట్లో పొయ్యి ముట్టించలా.”